నీటిలో ఏమి ఉన్నది? – కనబడని దానిని కనిపెట్టే రసాయన శాస్త్రం

తబూక్ ప్రాంతంలో ఏడాది మొత్తం మీద కురిసే వాన కొద్ది సెంటీమీటర్లకు మించదు. జీవనది లేదు, చెరువు లేదు. అయినప్పటికీ ఈ ఎడారిలో గోధుమ పండింది, పండ్లతోటలు పెరిగాయి, పూలు విరబూశాయి. ఈ పచ్చదనానికి ఆధారం మన కాళ్ళ క్రింద కొన్ని వందల మీటర్ల లోతున ఉన్న నీరు. 'సాక్' అనే ఇసుకరాతి పొర ఆ నీటిని తన సూక్ష్మరంధ్రాలలో దాచుకొని ఉన్నది. ఆ రాతి వయస్సు సుమారు 50 కోట్ల సంవత్సరాలు. అందులోని నీటిలో అధికభాగం పదివేల ఏళ్ళకు పూర్వం, ఈ ద్వీపకల్పంలో వానలు సమృద్ధిగా కురిసిన యుగంలో, భూమిలోకి ఇంకినది. ఈ రాతిపొరే సరిహద్దు దాటి జోర్డాన్‌లో ప్రవేశించి, అక్కడ 'దిసీ' అనే పేరుతో ప్రసిద్ధి పొందింది.

అంత ప్రాచీనమైన నీటిని పైకి తోడి గాజుగ్లాసులో పోస్తే తేటగానే ఉంటుంది. కాని వేల సంవత్సరాలు రాతితో సహవాసం చేసిన నీరు ఆ రాతి గుణాన్ని ఎంతో కొంత గ్రహించక మానదు. ఏమి గ్రహించింది? ఎంత గ్రహించింది? ఈ ప్రశ్నలకు కన్ను, ముక్కు, నాలుక సమాధానం చెప్పలేవు. చెప్పగలిగినది రసాయన విశ్లేషణ ఒక్కటే.

ఈ విషయం మనకు రెండు విధాల అవసరం. మొదటిది, ఇక్కడ మన పిల్లలు త్రాగే నీరు. రెండవది, స్వదేశంలో మన ఊరి నీరు. గల్ఫ్ దేశాలలో కష్టపడి సంపాదించిన తెలుగువారు స్వగ్రామానికి చేసే ఉపకారాలలో గుడి, బడి తరువాత స్థానం బోరుబావిదే. తల్లిదండ్రుల పేరిట బోరు వేయించి, పంపు బిగించి ఊరికి అప్పగించడం ఎంతో పుణ్యకార్యం. అయితే ఆ నీటిని పరీక్షింపజేయకుండా అప్పగిస్తే, దాహం తీర్చవలసిన బోరే ఆ ఊరి పిల్లల పళ్ళకూ ఎముకలకూ హాని చేయవచ్చు. తెలుగునాట ఇది ఊహ కాదు, జరిగిన చరిత్ర.

నీటి పరీక్ష ఫలితాన్ని చేతిలోకి తీసుకొన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఏ పదార్థం కోసం వెతికారు? ఎంత సూక్ష్మపరిమాణాన్ని చూడగల పద్ధతితో వెతికారు? దొరికినది హద్దుకు లోపల ఉన్నదా, వెలుపల ఉన్నదా? ఈ మూడింటికీ సమాధానం తెలియని పరీక్ష కేవలం ఒక కాగితం. ఈ వ్యాసం ఉద్దేశం ఆ మూడు ప్రశ్నల వెనుక ఉన్న శాస్త్రాన్ని వివరించడమే.

వెతికినదే దొరుకుతుంది

1901వ సంవత్సరంలో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణానికి ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు వచ్చాడు. అక్కడి ప్రజలలో అనేకుల పళ్ళమీద గోధుమరంగు మచ్చలు ఉండటం చూసి ఆశ్చర్యపడ్డాడు. నీటిలోనే ఏదో ఉన్నదని క్రమంగా అతనికి అనుమానం కలిగింది. అయితే నీటిని విశ్లేషింపజేసిన ప్రతిసారీ ఫలితం ఒక్కటే: దోషమేమీ లేదు. ఈ విధంగా సుమారు ముప్పది ఏళ్ళు గడిచాయి.

చిక్కుముడి విడిపోయినది 1931లో. ఆర్కాన్సా రాష్ట్రంలోని బాక్సైట్ అనే చిన్న పట్టణంలో 1909లో కొత్త నీటి సరఫరా ఏర్పాటైన తరువాత పుట్టిన పిల్లలందరి పళ్ళూ మచ్చలు పడ్డాయి. అది అల్యూమినియం కంపెనీవారి పట్టణం కావడంతో, ఆ కంపెనీ ముఖ్య రసాయనవేత్త చర్చిల్ అక్కడి నీటిని వర్ణపట పద్ధతిలో పరీక్షింపజేశాడు. ఆ నీటిలో లీటరుకు 13.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ బయటపడింది. అంతవరకు అది కనబడకపోవడానికి కారణం సులభమైనదే. నీటిలో సున్నం, మెగ్నీషియం, ఇనుము, ఉప్పు వంటివాటిని కొలవడం ఆనాటి ఆచారం. ఆ జాబితాలో ఫ్లోరైడ్ లేదు. వెతకని వస్తువు దొరకదు కదా!

ఆ తరువాత ఆరేళ్ళకే, 1937లో, షార్ట్ అనే వైద్యశాస్త్రవేత్త, ఆయన సహచరులు మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి భారతీయ వైద్య పరిశోధన పత్రికలో వెల్లడించారు. వారు వర్ణించినది అప్పటి నెల్లూరు జిల్లాలోని ఊళ్ళను. తరువాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి, కనిగిరి సీమవాసులకు ఆ బాధ తరతరాలుగా పరిచయమే. నడుము బిగుసుకొనిపోవడం, మెడ తిరగకపోవడం, మోకాళ్ళు వంకరపోవడం, నడివయస్సుకే మనిషి ముడుచుకొనిపోవడం అక్కడివారు కన్నులారా చూసినవే. గ్రహచారమని సరిపెట్టుకొన్న ఆ బాధకు కారణం త్రాగునీటిలోని ఫ్లోరైడ్ అని తేలినది రసాయన పరీక్ష వల్లనే.

ఇక నల్లగొండ సంగతి మనకందరికీ తెలిసినదే. అక్కడి గ్రానైటు రాళ్ళలో ఫ్లోరిన్ గల ఖనిజాలు మెండు. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. నీరు రాతిలో ఎక్కువకాలం నిలిచి, క్షారగుణం పెరిగి, కాల్షియం తగ్గినప్పుడు ఫ్లోరైడ్ మరింతగా కరుగుతుంది. దిగుడుబావులు ఎండిపోయి లోతైన బోర్లు వేసినకొద్దీ అనేక గ్రామాలలో ఈ సమస్య ముదిరింది. లోతు నీరు మంచినీరు అన్న నమ్మకం ఇక్కడ ఎదురుతిరిగింది.

ఇదే పాఠం బంగ్లాదేశ్ మరింత భయంకరంగా నేర్పింది. చెరువునీటి వల్ల వ్యాపించే అతిసార వ్యాధుల నుండి ప్రజలను కాపాడటానికి అక్కడ లక్షల సంఖ్యలో గొట్టపుబావులు వేశారు. 1992లో బ్రిటిష్ భూగర్భ సర్వేక్షణ సంస్థ అక్కడి కొన్ని బావుల నీటిని అనేక మూలకాల కోసం పరీక్షించింది. ఆ జాబితాలో ఆర్సెనిక్ లేదు. మరుసటి ఏడాది, 1993లో, ఆ దేశపు బావినీటిలో ఆర్సెనిక్ ఉన్నట్లు కనుగొన్నారు. తరువాతి సర్వేలలో కోట్లాది ప్రజలు ఆ నీటినే త్రాగుతున్నారని తేలింది. పరీక్ష జరిగింది నిజమే. ప్రశ్న మాత్రం అసంపూర్ణంగా వేశారు.

రంగు, కాంతి, విద్యుత్తు, బరువు

కంటికి కనబడని పదార్థాన్ని రసాయనవేత్త ఏ విధంగా పట్టుకొంటాడు? పద్ధతులు వందలకొద్దీ ఉన్నా, వాటి వెనుక ఉన్న ఉపాయాలు కొన్నే. ఆ పదార్థం చేత రంగు పుట్టించడం, కాంతి వెలువరింపజేయడం, విద్యుత్తు పుట్టించడం, లేదా దాని అణువులను బరువును బట్టి వేరుచేసి లెక్కించడం.

మొదటి ఉపాయాన్ని పరాకాష్ఠకు తెచ్చినవారిలో మన తెలుగువాడు ఒకడు ఉండటం మనకు గర్వకారణం. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరాడు. ఆయన పేరు వినగానే మనకు ఔషధాలు గుర్తుకు వస్తాయి. కాని ఆయనకు తొలి కీర్తి తెచ్చినది ఒక విశ్లేషణ పద్ధతి. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించిన ఆ పద్ధతికి ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని పేరు. రక్తం, మూత్రం వంటి ద్రవాలలోని ఫాస్ఫేట్‌ను ఆమ్ల మాలిబ్డేట్‌తో కలిపి, తగిన క్షయకరణి చేర్చితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువైతే నీలిమ అంత చిక్కన. తెలిసిన పరిమాణంతో చేసిన మరొక ద్రావణపు రంగుతో దీనిని పోల్చి చూస్తే లెక్క తేలుతుంది.

ఈ చిన్న పద్ధతి నుండి గొప్ప ఆవిష్కరణలు పుట్టాయి. కండరపు సారంలో ఫాస్ఫరస్ కొలుస్తూ ఉండగా, నీలిరంగు రావలసిన వేగంతో రాక మెల్లమెల్లగా చిక్కబడటం వారు గమనించారు. మరొకరైతే పరీక్ష సరిగా కుదరలేదని పారబోసి ఉండేవారు. వారు మాత్రం కారణం వెదికారు. రంగు ఆలస్యం కావడానికి హేతువు, ఆమ్లంలో క్రమంగా విడిపోతున్న ఒక కొత్త సమ్మేళనం. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దానిని ప్రకటించారు. 1929లో, జర్మనీలో లోమాన్ చేసిన కృషితో సంబంధం లేకుండానే, ఏ.టి.పి. అనే మరొక శక్తి పదార్థాన్ని కూడా వేరుచేశారు. కండరం కదలడానికి శక్తి ఎక్కడినుండి వస్తున్నదన్న ప్రశ్నకు సమాధానం ఒక రంగు పరీక్షలోని ఆలస్యంలో దొరికింది!

రెండవ ఉపాయానికీ తెలుగుగడ్డతో సంబంధం ఉన్నది. ప్రతి మూలకమూ వేడెక్కినప్పుడు తనకే ప్రత్యేకమైన రంగుల గీతలను వెలువరిస్తుంది. మనిషికి వేలిముద్ర ఎటువంటిదో మూలకానికి ఆ గీతలు అటువంటివి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో వర్ణపటదర్శినితో సూర్యుని అంచున ఉన్న జ్వాలలను పరిశీలించాడు. మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్ అదే గ్రహణాన్ని మచిలీపట్నంలో చూశాడు. ఆ జ్వాలల వర్ణపటంలోని పసుపుపచ్చని గీత మొదట సోడియందిగా తోచింది. అది సోడియం కాదనీ, భూమిమీద తెలియని మూలకందనీ ఇంగ్లండులో లాక్యర్ నిశ్చయించాడు. దానికి హీలియం అనే పేరు వచ్చింది. రామ్సే భూమిమీద దానిని కనుగొన్నది 1895లో. చర్చిల్‌కు 1931లో ఫ్లోరైడ్‌ను పట్టి ఇచ్చినదీ ఈ వర్ణపట విద్యే.

మూడవది విద్యుత్తు. ఫ్లోరైడ్‌ను కొలవడానికి తొలుత జిర్కోనియం కలిపిన రంగుద్రవాలను వాడేవారు. ఫ్లోరైడ్ ఆ జిర్కోనియంను తనవైపు లాగుకోవడంతో రంగు వెలిసిపోతుంది. ఎంత వెలిస్తే అంత ఫ్లోరైడ్. గ్రామాలలో వాడే పరీక్షాపేటికలలో ఈ సూత్రం ఇప్పటికీ కనబడుతుంది. 1966లో అమెరికాలో ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇంతకంటె నిశితమైన సాధనాన్ని ప్రకటించారు. లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికపు పలుచని బిళ్ళను ఒక గొట్టం చివర అమర్చారు. ఆ స్ఫటికంలో ఫ్లోరైడ్ అయాన్లు తప్ప ఇతర అయాన్లు కదలలేవు. నీటిలో ముంచగానే ఇరువైపులా ఉన్న ఫ్లోరైడ్ తేడాను బట్టి వోల్టేజి పుడుతుంది. ఫ్లోరైడ్ పదిరెట్లు మారితే 25 డిగ్రీల వద్ద ఆ వోల్టేజి సుమారు 59 మిల్లీవోల్టులు మారుతుంది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. నీటిలో అల్యూమినియం ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టి బంధిస్తుంది. బంధింపబడిన ఫ్లోరైడ్ స్ఫటికానికి కనబడదు. అందుచేత కొలిచే ముందు, అల్యూమినియంను తాను పట్టుకొని ఫ్లోరైడ్‌ను విడిపించే ద్రావణాన్ని నీటికి కలుపుతారు. పటికతో శుద్ధి చేసిన నీటి విషయంలో ఈ మెట్టు వదిలిపెడితే ఉన్న ఫ్లోరైడ్ కంటె తక్కువ కనబడవచ్చు. సాధనం మంచిదైనంత మాత్రాన చాలదు, వాడే విధానం తెలియాలి.

నాల్గవ ఉపాయం 1980లో వెలుగు చూసిన ఐ.సి.పి. మాస్ స్పెక్ట్రోమీటరుది. వేల డిగ్రీల వేడిగల ఆర్గాన్ జ్వాలలోకి నీటిని తుంపరగా చల్లితే మూలకాలలో అధికభాగం విద్యుదావేశం పొందుతాయి. వాటిని బరువును బట్టి వేరుచేసి ఒక్కొక్కటిగా లెక్కిస్తారు. సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, యురేనియం వంటి పదుల కొద్దీ మూలకాలను కొద్ది నిమిషాలలో అతి సూక్ష్మ పరిమాణంలో చెప్పగల యంత్రమిది. ఇంత సమర్థమైన యంత్రం కూడా ఫ్లోరైడ్‌ను మామూలు పద్ధతిలో చూడలేదు. ఫ్లోరిన్‌కు విద్యుదావేశం కల్పించేటంత శక్తి ఆ ఆర్గాన్ జ్వాలకు చాలదు. కోట్ల రూపాయల యంత్రానికి కనబడనిది ఒక చిన్న స్ఫటికానికి కనబడుతున్నది! పరీక్ష ఎంత ఖరీదైనదని కాక, మనకు కావలసినదానిని అది చూడగలదా అని అడగడం అందుకే ముఖ్యం.

'కనబడలేదు' అంటే 'లేదు' అని కాదు

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వద్దాం. ప్రయోగశాల ఇచ్చే కాగితంలో కొన్ని పదార్థాలకు ఎదురుగా 'కనబడలేదు' అని ఉంటుంది. దానిని చాలామంది 'లేదు' అని చదువుకొంటారు. రసాయనవేత్త భాషలో ఆ మాటకు అర్థం, 'నా పద్ధతి చూడగలిగిన కనిష్ఠ పరిమాణం కంటె తక్కువగా ఉన్నది' అని మాత్రమే. ఆ కనిష్ఠ పరిమాణాన్ని గుర్తింపు పరిమితి అంటారు. చత్వారం వచ్చినవారు కళ్ళద్దాలు లేకుండా బియ్యం ఏరితే రాళ్ళు కనబడవు. అంతమాత్రాన రాళ్ళు లేవని చెప్పగలమా?

ఈ పరిమాణాలను ఊహించుకోవడానికి పదివేల లీటర్ల నీటి ట్యాంకరును తీసుకొందాం. లీటరుకు ఒక మిల్లీగ్రాము అంటే ఆ ట్యాంకరులో 10 గ్రాములు, అనగా రెండు చిన్న చెంచాల ఉప్పంత. లీటరుకు ఒక మైక్రోగ్రాము అంటే వెయ్యి ట్యాంకర్లలో అదే 10 గ్రాములు. లీటరుకు ఒక నానోగ్రాము అంటే లక్ష ట్యాంకర్లకు కలిపి ఒకే ఒక్క గ్రాము. నేటి యంత్రాలు ఈ స్థాయిని కూడా చూడగలుగుతున్నాయి.

ఇంకా సూక్ష్మమైన ఉదాహరణ మన కాళ్ళ క్రిందనే ఉన్నది. ఇసుకరాతిలో స్వభావసిద్ధంగా ఉన్న యురేనియం, థోరియం క్షయించగా రేడియం పుడుతుంది. దానిలో కొంత నీటిలో చేరుతుంది. 2009లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన వెంగోష్, ఆయన సహచరులు జోర్డాన్‌లోని దిసీ బావుల నీటిని పరీక్షించి, కొన్నింటిలో రేడియం అంతర్జాతీయ పరిమితులకు ఎన్నో రెట్లు అధికంగా ఉన్నదని ప్రకటించారు. రేడియం రసాయన స్వభావంలో కాల్షియంకు దగ్గర చుట్టం. అందుచేత శరీరంలో చేరితే ఎముకలలో స్థిరపడుతుంది.

ఇటువంటి నీటిని మొదట స్థూలంగా పరీక్షించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక గీత గీసింది. ఆల్ఫా కిరణాలు లీటరుకు 0.5 బెకెరెల్ దాటితే లోతుగా పరిశీలించాలి. అంటే లీటరు నీటిలో రెండు సెకన్లకు ఒక పరమాణువు పేలడం. ఆ కిరణాలన్నీ రేడియం-226 నుండే వచ్చాయనుకొంటే, దాని బరువు గ్రాములో లక్షకోట్లవ వంతులు పదమూడున్నర. ఒక్క గ్రాము రేడియంను సుమారు 74 లక్షల ట్యాంకర్లలో కలిపితే ఏర్పడే సాంద్రత అది! దానిని తూచగల త్రాసు లేదు. కాని పేలే ప్రతి పరమాణువూ తన ఉనికిని తానే చాటుకొంటుంది కనుక, ఓపికగా గంటల తరబడి లెక్కించగలిగితే పట్టుకోవచ్చు. ఎంత ఎక్కువసేపు లెక్కిస్తే అంత తక్కువ పరిమాణం కనబడుతుంది.

దీనిని చదివి భయపడవలసిన పనిలేదు. రేడియంను నీటినుండి తొలగించే పద్ధతులు నమ్మకమైనవే. సున్నంతో మృదుజలం చేయడం, అయాన్ల మార్పిడి, రివర్స్ ఆస్మోసిస్ అనే మూడూ దానిని చాలావరకు తీసివేస్తాయి. 2013లో దిసీ నీరు గొట్టాల ద్వారా అమ్మాన్ నగరానికి చేరినప్పుడు, ఇతర జలాలతో కలిపి రేడియం స్థాయిని తగ్గించే మార్గాన్ని జోర్డాన్ అనుసరించింది. ఇక్కడ గ్రహించవలసినది ఒక్కటే. శుద్ధి చేసిన నీటికీ, బావినుండి నేరుగా తోడిన నీటికీ తేడా ఉన్నది. పొలాల వద్ద, పనిస్థలాల వద్ద బావినీటిని నేరుగా త్రాగే అలవాటు ఉన్నవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

గుర్తింపు పరిమితి మారితే లోకమే మారినట్లు కనబడుతుందనడానికి సీసా నీరు మంచి నిదర్శనం. 2018లో ప్రకటింపబడిన ఒక పరిశోధన సీసా నీటిలో లీటరుకు సగటున 325 ప్లాస్టిక్ రేణువులను లెక్కించింది. 2024 జనవరిలో కొలంబియా విశ్వవిద్యాలయం వారు ప్రకటించిన సంఖ్య లీటరుకు సుమారు 2,40,000. ఆరేళ్ళలో నీరు అంతగా చెడిపోయిందా? లేదు. మారినది చూపు. కొత్తవారు రెండు లేజర్ కిరణాలతో, రామన్ ఫలితం ఆధారంగా పనిచేసే సూక్ష్మదర్శిని వాడారు. అణువుల కంపనాలను బట్టి రేణువు ఏ ప్లాస్టిక్‌దో గుర్తించే ఈ పద్ధతికి, 28 ఫిబ్రవరి 1928న కలకత్తాలో సర్ సి.వి. రామన్ కనుగొన్న సత్యమే పునాది. కొత్తగా కనబడిన రేణువులలో సుమారు తొంభై శాతం, పాత పద్ధతులకు అందనంత చిన్నవి.

ఉన్నంత మాత్రాన విషం కాదు

మూడవ ప్రశ్న పరిమాణానిది. చూపు ఇంత నిశితమైన తరువాత, ఏ నీటిలోనైనా ఏదో ఒకటి కనబడి తీరుతుంది. కనబడిన ప్రతిదానికీ భయపడితే బ్రతుకు సాగదు. కనబడినా లెక్కచేయకపోతే ఆరోగ్యం మిగలదు. ఈ రెంటి నడుమ దారి చూపేది హద్దు.

ఫ్లోరైడ్‌నే చూద్దాం. తగుమాత్రంగా ఉంటే అది పంటి పింగాణిని గట్టిపరచి పుచ్చుకుండా కాపాడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 1.5 మిల్లీగ్రాములను హద్దుగా సూచించింది. భారతీయ ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం, వేరే నీటివసతి లేనప్పుడు 1.5 వరకు అనుమతింపదగినది. హద్దు దాటిన నీటిని శాశ్వత దంతాలు రూపుదిద్దుకొనే వయస్సులో, అనగా సుమారు ఎనిమిదేళ్ళ లోపు త్రాగితే గారపళ్ళు వస్తాయి. అంతకు ఎంతో మించిన ఫ్లోరైడ్‌ను ఏళ్ళ తరబడి త్రాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకొంటాయి. వంగిన ఎముకను తిరిగి నిలబెట్టే మందు లేదు. నివారణ ఒక్కటే మార్గం.

కొన్ని పదార్థాలకు హద్దు ఎంతో క్రింద ఉన్నది. అంటుకోని పెనాలు, నీరు పట్టని గుడ్డలు, మంటలు ఆర్పే నురుగు వంటివాటి తయారీలో వాడిన ఫ్లోరిన్ కర్బన సమ్మేళనాలలో రెండింటికి, 2024 ఏప్రిల్‌లో అమెరికా పర్యావరణ సంస్థ లీటరుకు 4 నానోగ్రాముల పరిమితిని ప్రకటించింది. పాతికేళ్ళ క్రితం మామూలు ప్రయోగశాలలు అంత తక్కువ పరిమాణాన్ని చూడలేకపోయేవి. చూడలేని దానికి చట్టం చేయలేము కదా.

ఈ మూడు ప్రశ్నలూ ఒక్కచోట ఎదురైన సంఘటన మన ఏలూరులో జరిగింది. 2020 డిసెంబరు మొదటి వారంలో ఆ పట్టణంలో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛ, తల తిరుగుడు, వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు. బాధితుల సంఖ్య 600 దాటింది. అందరూ ముందు అనుమానించినది త్రాగునీటిని. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ రక్తాన్ని పరీక్షించి సీసం, నికెల్ ఉన్నాయని చెప్పింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూరగాయలను, రక్తాన్ని పరీక్షించి పురుగుమందుల అవశేషాలను చూపింది. డిసెంబరు మధ్యనాటికి, పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చునని నిపుణులు అభిప్రాయపడ్డారు. అవి అంతమంది శరీరాలలోకి ఏ దారిన చేరాయన్నదానికి దీర్ఘకాలిక అధ్యయనం అవసరమని చెప్పారు.

ఏ ప్రయోగశాల ఏ పదార్థానికై వెతికిందో ఆ పదార్థమే దొరికింది. దొరికినదెల్లా కారణం కాదు. వ్యాధి లక్షణాలకు, పరిమాణానికి, కాలానికి పొంతన కుదిరినప్పుడే కారణమని చెప్పగలం. అంతేకాదు, శరీరం త్వరగా విసర్జించే పదార్థాలు కొన్ని గంటలలోనే చేజారిపోతాయి. కనుక తొలిగంటలలోనే రక్తం, నీరు, ఆహారం నమూనాలను సేకరించి శీతలీకరించి భద్రపరచడం, తరువాత ఎంత గొప్ప యంత్రంతో పరీక్షించినా దానికంటె విలువైన పని.

మనం చేయదగినవి

ఇక ఆచరణకు వద్దాం. నీటిశుద్ధి యంత్రాలు అమ్మేవారు కలంవంటి ఒక చిన్న మీటరు నీటిలో ముంచి సంఖ్య చూపుతారు. అది కొలిచేది నీటి విద్యుద్వాహకత. దాని నుండి కరిగి ఉన్న లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది. ఆ మొత్తంలో ఫ్లోరైడ్ ఎంతో, ఆర్సెనిక్ ఎంతో, రేడియం ఉన్నదో లేదో అది చెప్పలేదు. 300 అని చూపిన నీటిలో 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉండవచ్చు. 900 చూపిన నీటిలో అర మిల్లీగ్రాము మాత్రమే ఉండవచ్చు.

నీటిని మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్, ఆర్సెనిక్ పోవు. నీరు ఆవిరైనకొద్దీ వాటి సాంద్రత కొంత పెరుగుతుంది కూడా. ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి ఉత్తేజిత అల్యూమినా, రివర్స్ ఆస్మోసిస్ ఉన్నాయి. పటిక, సున్నం కలిపి, ఏర్పడిన తెట్టుతోపాటు ఫ్లోరైడ్‌ను తేర్చివేసే విధానాన్ని 1970 దశకంలో నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ రూపొందించింది. ప్రపంచమంతటా దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు. మన జిల్లా పేరు ఆ విధంగా ఆఫ్రికా ఖండపు పల్లెలదాకా వెళ్ళింది. అన్నింటికంటె మేలైన మార్గం నీటిని మార్చడం. 2015 జూన్‌లో చౌటుప్పల్ వద్ద శంకుస్థాపన జరిగిన మిషన్ భగీరథ పథకం నదీజలాలను గొట్టాల ద్వారా ఆ గ్రామాలకు చేర్చినది ఈ ఉద్దేశంతోనే.

స్వగ్రామంలో బోరు వేయించే సోదరులకు కొన్ని సూచనలు. నీరు పడిన తరువాత కొన్ని గంటలపాటు పంపు నడిపించి, అప్పుడు నమూనా పట్టాలి. ఫ్లోరైడ్ పరీక్షకు గాజుసీసా కాక శుభ్రమైన పాలిథీన్ సీసా వాడాలి. జిల్లాలోని గ్రామీణ నీటిసరఫరా విభాగపు ప్రయోగశాలకు పంపేటప్పుడు 'నీరు పరీక్షించండి' అని మాత్రమే అడగవద్దు. ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్, క్రిములు అని పేరు పేరునా అడగాలి. ఏ పద్ధతి వాడారో, దాని గుర్తింపు పరిమితి ఎంతో వ్రాసి ఇవ్వమనాలి. ఒక్కసారి పరీక్షతో సరిపెట్టుకోక, వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి చూడాలి. బోరును మరింత లోతుకు దించితే అది కొత్త బావి కిందనే లెక్క, మళ్ళీ పరీక్షించవలసిందే.

ఇక్కడి పిల్లలకు ఒక చిన్న పని అప్పగించవచ్చు. ఇంటికి వచ్చే నీటి సీసాల చీటీలపై కాల్షియం, సోడియం, ఫ్లోరైడ్ లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో ముద్రించి ఉంటుంది. రెండు మూడు రకాల సీసాలు ప్రక్క ప్రక్కన పెట్టి ఆ అంకెలను పోల్చి చూడమనండి. హద్దు 1.5 అని చెప్పండి. వేసవి సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు తాతగారి ఊరి బోరులో ఆ అంకె ఎంత అని వారే అడుగుతారు.

బోరుబావి ప్రక్కన దాత పేరు, తల్లిదండ్రుల పేర్లు పలకమీద చెక్కించడం మన ఆచారం. ఆ పేర్ల క్రింద మరొక పంక్తి చేర్చవలసినదిగా కోరుతున్నాను: నీరు పరీక్షించిన తేదీ, లీటరుకు ఫ్లోరైడ్ ఎన్ని మిల్లీగ్రాములు. బిందె ఎత్తుకొని వచ్చే తల్లికి ముందుగా తెలియవలసినది ఆ పంక్తిలోని అంకె.